బొట్టు పెట్టిన డిస్క్

కోరుట్లల ఫొటో స్టూడియో దివాకర్‌కు దసరా అంటే మస్తు భక్తి. మొన్న ఆయుధపూజకు కంప్యూటర్ విప్పి, లోపల ఫొటోలు దాచే హార్డ్ డిస్క్‌కు గూడ పసుపునీళ్లు జల్లి బొట్టు పెట్టిండు. తెల్లారి విండోస్ కొత్తగ ఎక్కిచ్చేసరికి, ఫొటోలున్న గా డిస్కే కనబడుతలేదు. సెట్టింగులల్ల దేవులాడిండు, వైర్లు మార్చిండు. ఏం లాభం లేదు.

గప్పుడే అంజవ్వ అచ్చింది. "కొడకా, మా బిడ్డ సరిత పోయింది, రేపు దినాలు. ఆల్బం వానకు నానిపాయె. నీ దగ్గరున్న పెండ్లి ఫొటో ఒక్కటి పెద్దగ తీసియ్యి."

దివాకర్ డిస్క్ ఊడబీకి తిప్పి జూసిండు. పసుపు మరక పక్కన బోర్డు నల్లగ కాలింది.

"పూజ జేసి నేనే ఖరాబు జేసిన అవ్వా... ఫొటోలన్నీ గిండ్లనే పోయినయ్."

అంజవ్వ చెయ్యి చాపింది. "గిండ్లనే ఉంటే గిదే ఇయ్యి. బొట్టు నువ్వు పెట్టనే పెడ్తివి, దండ నేనేస్త."