సెలీన్ చూడని క్లైమాక్సులు

సెలీన్‌కు ఉన్నది ఒకటే గుణం. ఇంటర్వల్ పడగానే సినిమా వదిలేసి ఇంటికి వెళ్ళిపోతుంది. పోతే పోయిందిలే అనుకోవచ్చు. కానీ మర్నాడు కొళాయి దగ్గర నిలబడి, తను చూడని రెండో సగం గురించి చూసినవాళ్ళతో వాదిస్తుంది కూడా!

బంగారు గనులు మూతపడ్డాక కోరమండల్ లైన్లలో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరసల్లో, ఏటా ఆగస్టులో నాలుగు రోజులు సినిమా పండగ చేస్తున్నారు. భాష ఏదైనా సరే, మన దేశం సినిమా అయితే చాలు. పాత క్లబ్బు హాల్లో మధ్యాహ్నం ఆట, అందరికీ ఉచితం. నడిపేది సుందర్‌రాజ్. ఆయనకు సినిమా అంటే పూజ. తెర మీద పేర్లు పడుతుంటే ఎవరైనా దగ్గినా గుడ్లురుముతాడు. ముందు వరసలో కూర్చుని సగంలో లేచి వెళ్ళిపోయే సెలీన్ ఆయన కంట్లో నలుసు.

"హీరో నాయన చచ్చిపోయినాడక్కా! కండ్లారా చూసినాను," అన్నాడు ఒకసారి కొళాయి దగ్గర ఒక కుర్రాడు.

"ఊరుకోప్పా. ఆపరేషన్ చేసినారు, లేచి కూర్చున్నాడు."

"నువ్వు యాడ చూసినావు?"

"చూడాల్నా ఏమి? అంత మంచోడు ఎట్ల చస్తాడప్పా?"

సెలీన్ చెప్పే కథల్లో ఇంతవరకు ఒక్కరూ పోలేదు. కొండ మీంచి పడ్డ విలన్‌కు కూడా కాలు బెణికిందంతే.

ఆ ఏడు సుందర్‌రాజ్ పంతం పట్టాడు. ఈ మనిషికి ఒక్క క్లైమాక్సన్నా చూపించి తీరాలి. అందుకని ఏకంగా ఇంటర్వలే ఎత్తేశాడు!

సగం సినిమా అయింది, లైట్లు వెలగలేదు. సెలీన్ వెనక్కి తిరిగి చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. ఆఖరికి లేచి తెరకు అడ్డంగా నిలబడింది.

"ఇంటర్వల్ వేయప్పా సుందరా!"

"ఈసారి లేదక్కా. కూర్చో."

"కూర్చుంటే ఎట్లప్పా? ఆయమ్మ తయారై కాచుకోని ఉంటాది!"

చెప్పులు చేత్తో పట్టుకుని ఒకటే పరుగు. సుందర్‌రాజ్ సినిమా ఆపేసి వెంటపడ్డాడు.

సెలీన్ పక్కింటి గడపలో చిన్నవెంకటమ్మ నిలబడి ఉంది. పట్టుచీర, తలలో కనకాంబరాలు. లోపల మంచం మీద ఆమె భర్త దాసప్ప. ముప్పయ్యేళ్ళ గని దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది. దగ్గు తెర వస్తే లేపి కూర్చోబెట్టడానికి పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి.

"ఇంత లేటా అక్కా! నా గుండె కొట్టుకుంటా ఉండాది. మొదలేమైందో చెప్పు బిరీన."

"అన్నదమ్ములిద్దరు, చిన్నోడు కోపిష్టి, నాయనకి జబ్బు. పో, పో!"

సుందర్‌రాజ్‌కు అప్పుడు వెలిగింది. ఇంటర్వల్ తర్వాత చీకట్లో దొంగలా దూరి సెలీన్ కుర్చీలో కూర్చునే ఆడమనిషిని కూడా ఆయన ఏటా తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి చూస్తున్నది ఒకే సినిమా! సగం సినిమాకు పట్టుచీర కట్టుకొచ్చే మనిషి తన పండగకు దొరికింది!

"మీరిద్దరూ పోండక్కా. మొదట్నుంచి వేయమన్నానని చెప్పండి. అన్న దగ్గర నేనుంటాను."

"హాలంతా నిన్ను తిడతారప్పా!"

"తిట్టనీలే."

చిన్నవెంకటమ్మ చేతులు జోడించింది. "సినిమా మొదలు చూసి పన్నెండేండ్లాయె. నువ్వు సల్లగుండాలప్పా."

వాళ్ళు వెళ్ళాక దాసప్ప దిండుకు ఆనుకున్నాడు. "ఇంగ కత చెప్పు సుందరా. సెలీనమ్మ రోజూ చెప్తాది."

సుందర్‌రాజ్ ఒక్క సీను వదలకుండా చెప్పుకొచ్చాడు. సినిమాలో జబ్బు నాయన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ సీను దాటేసి ముందుకు పోబోయాడు.

"ఆ నాయన బతికినాడా?"

సినిమా విషయంలో సుందర్‌రాజ్ పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. "బతికినాడన్నా," అన్నాడు.

దాసప్ప దగ్గూ నవ్వూ కలిసిపోయేలా నవ్వాడు. "నాకు తెలుసులేప్పా. నా పెండ్లాం ఇంటికొచ్చి అసలు కత చెప్పి అందర్నీ సంపేస్తాది. సెలీనమ్మ మాత్రం ఒక్కర్నీ సావనీదు. ఆయమ్మ దయ, నేనూ ఇట్ల ఉండాను. సరే, ఇంగ చిన్నోడి పెండ్లి యాడ చేసినారు?"

సుందర్‌రాజ్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"బైరకూరు మామిడి తోపులో అన్నా. నాయనే దగ్గరుండి అందరికీ వడ్డించినాడు."