పేరు పడని వాలెట్

వేలూరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, గుట్టు దాచడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. జీతంలో కొంత క్రిప్టోలో పెట్టేవాణ్ణి. ఆ డబ్బుండే వాలెట్ మీద మన పేరుండదు, అక్షరాలూ అంకెలూ కలిసిన బారెడు అడ్రసు ఒక్కటే ఉంటుంది. గుడియాత్తంలో మగ్గం నేసే మా నాయనకు ఈ సంగతి తెలియదు (తెలిస్తే మగ్గం ఆపి మరీ తిట్టేవాడు).

అప్పుడే పళ్ళికొండ సంబంధం వచ్చింది. అమ్మాయి మేనమామ ముందే వచ్చి మా వీధిలో ఇంటింటా నా గురించి విచారించి పోయాడు. పెళ్ళిచూపుల రోజు మా ఇద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదికి పంపారు. ఆమె నాకు చూడగానే నచ్చేసింది. ఏం మాట్లాడాలో తోచక క్రిప్టో గొప్పలు మొదలుపెట్టాను. "నేను ఎవురికి పంపినా నా పేరు యాడా పడదు. దేవుడిక్కూడా తెలీదు," అన్నాను. "అట్లనా? నాకూ వాలెట్ ఉండాది. రవ్వంత పంపించండి, చూస్తాము," అనింది. ఇంత చిన్న కోరికా అని అక్కడికక్కడే పంపేశాను.

వారం తిరక్కుండానే ఆమె నుంచి ఫోను. "ఏమండీ, నెల నెలా ఒకే అడ్రసుకు పంపిస్తా ఉండారే, ఆమె ఎవురు?" పేరు కనిపించదన్నది నిజమే. కానీ పంపిందీ పుచ్చుకుందీ అంతా లోకం చూసేట్టు బట్టబయలుగానే ఉంటుంది. ఏ అడ్రసు ఎవరిదో ఒక్కసారి తెలిస్తే చాలు, వెనకటి చరిత్రంతా చదువుకోవచ్చు. నా అడ్రసు నేనే ఆమె చేతిలో పెట్టి వచ్చాను. మేనమామ వీధంతా తిరిగి చేయలేని విచారణ ఆమె పళ్ళికొండలో కూర్చుని చేసేసింది.

"ఆమె కాదండీ, అదీ నేనే! దాచుకునేదానికి గుట్టుగా రెండో వాలెట్ పెట్టుకున్నాను," అన్నాను. "ఎట్ల నమ్మేది?" అనింది. "ఫోను పెట్టొద్దండి, ఇప్పుడే దాంట్లోనించి మీకు పంపిస్తా," అని చెమటలు కక్కుతూ పంపాను (దాంతో ఆ రెండో గుట్టు కూడా ఆమె చేతికే పోయింది). సంబంధం చెడిందనే అనుకున్నాను, ఏడుపొక్కటే తక్కువ. అంతలో అటువైపు నుంచి నవ్వు వినిపించింది. "సరి, ఒప్పుకున్నానని ఇంట్లో చెప్తా. మీరు మంచోళ్ళని మా మామ చెప్పినాడు గానీ నాకు నమ్మకం కుదరలా. మీకు ఏదీ దాచడం చేతకాదని ఇప్పుడు తెలిసింది."

ఇప్పుడు నాకు బుద్ధి వచ్చింది. డబ్బు పుచ్చుకునే ప్రతిసారీ కొత్త అడ్రసు వాడతాను, ఒకదానికి ఇంకొకదాన్ని ముడిపడనివ్వను. నా జాడ ఎవరికీ తెలియదు. అయినా, అంత ధీమాగా గొప్పలు చెప్పుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఈ తెలివి వాడికి అప్పుడే ఉండి ఉంటే ఆమె ఒప్పుకునేది కాదు.