రెండో చెంచా మందు

మా ఊళ్లకు ఇరవై ఏళ్లు తిరిగిన నర్సమ్మ చనిపోయిందని గత మంగళవారం ఆమె తమ్ముడు పలాస నుంచి ఫోన్ చేశాడు. కిడ్నీలు పాడయ్యాయి. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాటకు ఎవరూ ఆశ్చర్యపోరు. నేనూ ఆశ్చర్యపోలేదు.

మీలో ఆమెను ఎరిగినవారు తక్కువ. అందుకే రాస్తున్నాను.

నేను అక్కుపల్లిలో అంగన్‌వాడీ టీచరుగా చేరిన కొత్త. ఒకరోజు పిల్లలకు విటమిన్ ఏ మందు పోస్తున్నాం. నర్సమ్మ పక్క వీధిలో బాలింతను చూడటానికి వెళ్తూ సీసా నా చేతికిచ్చింది. అప్పటికే మందు తాగిన తొమ్మిది నెలల పాపను ఎత్తుకుని తల్లి మళ్లీ వచ్చింది. పొద్దు వాలితే ఆ తల్లికి చూపు ఆనదు.

"నానాగ దీనికీ సూపు తగ్గకూడదమ్మా. ఇంకో సెంచాడు పొయ్యి."

జాలేసి పోశాను.

సాయంత్రానికి పాపకు ఒకటే వాంతులు. మాడు ఉబ్బింది. నర్సమ్మే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరుగారు గట్టిగా అడిగితే నర్సమ్మ నా వైపు చూడనైనా లేదు.

"సీసా వొదిలేసి ఎల్లిపోనాను సార్. తప్పు నాదే."

మెమో ఆమెకే వచ్చింది. రెండు రోజులకు మాడు దిగి, పాప పాలు తాగింది.

నర్సమ్మ నన్ను తిట్టలేదు. వాళ్లింట్లో తోటకూర తరుగుతూ చెప్పింది. "ఆకుకూర తింటే భయం నేదు పిల్లా. అందులోదాన్ని విటమిన్‌గా మార్సేది మన పేగే. ఒంట్లో సరిపడా ఉంటే ఆ పని తగ్గించేత్తాది. ఈ మందు అలగ కాదు. తయారైపోయిన విటమిను. పోసిందంతా దాదాపుగా లోపలికి పోతాది, పేగు ఆపనేదు. అందుకే మనమే ఆపాల."

కూరలో చెంచాడు నూనె వేయమని, లేకపోతే అందులోది పేగు పీల్చుకోలేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పేది.

కిందటి నెల ఆమెను చూడటానికి వెళ్లాను. పాదాలు ఉబ్బి ఉన్నాయి. బలానికని పట్టుకెళ్లిన విటమిన్ మాత్రల డబ్బా మీది అక్షరాలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, తిరిగి నా సంచిలో పెట్టింది.

"ఇందులో విటమిన్ ఏ ఉంది. కిడ్నీలు పాడైపోయినోళ్లకి అది ఒంట్లోనే పేరుకుపోతాది."

ఆమే తమ్ముడి చేత పెరట్లో బొప్పాయి కోయించింది. అందులోని పొటాషియం కిడ్నీలు పోయినవాళ్లకు పడదు, ఆమె తినకూడదు.

"మీరు తినకుండా నాకెందుకమ్మా?" అన్నాను.

"నువ్వు తిను. నాను సూత్తాను."

ఒక్కో ముక్కా కోసి అందించింది. అయిపోయాక, రసం అంటిన వేళ్లను నోటిదాకా తీసుకెళ్లి, ఆగి, కొంగుకు తుడుచుకుంది.