ఎర్రకారు ముందుంది

ఎనభైల మొదట్లో, అమెరికాలో ట్రాయ్ అనే ఊరికి కాపురానికొచ్చిన తొలి వేసవిలో, మావారు నన్ను ఊరవతల కారు పందేలు జరిగే స్పీడ్‌వేకి తీసుకెళ్లారు. మా అమ్మ పెళ్లినాటి కాలపు రెండు తలుపుల కూపే కార్లు మట్టిలో గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక ఎర్రకారు ముందుంది, మిగతావన్నీ దాని వెనకే. నేను లేచి, "పోనివ్వు, పోనివ్వు!" అని గొంతు చించుకున్నాను. జనం నన్ను వింతగా చూశారు.

"కూర్చో. అది ఒక చుట్టు తక్కువ తిరిగింది. అందరికన్నా వెనకుంది," అన్నారు మావారు.

నాకు ఒళ్లు మండింది. "కళ్లెదురుగా ముందుంటే వెనకంటారేమిటి? గుడి చుట్టూ తిరిగేవాళ్లలో ముందెవరు, వెనకెవరు?"

ఆయన తల పట్టుకున్నారు.

రేసయ్యాక కార్లు చూడ్డానికి జనాన్ని లోపలికి వదిలారు. ఎర్రకారు నడిపిన ముసలాయన నా చీరని బట్టి గుర్తుపట్టి, "నాకోసం అరిచింది మీరే కదా! మళ్లీ వస్తారా?" అన్నాడు. గెలుస్తున్నాడనుకుని అరిచానని ఎలా చెప్పను? తలూపాను.

స్పీడ్‌వే మూసేసేదాకా ప్రతి వేసవీ వెళ్లాం. ఆ ముసలాయన ఒక్కసారీ గెలవలేదని మావారంటారు. నేను చూసినప్పుడల్లా మాత్రం ఆయనే ముందున్నాడు.