బయట గడియ లేని తలుపులు

మా వీధి వడ్రంగి చేసిన తలుపును ఏనుగు గుద్దినా పగలదు. లోపమల్లా ఒక్కటే, లోపలి గదుల తలుపులకు బయటవైపు గడియ పెట్టడు. రాజుగారొచ్చి కాళ్ళు పట్టుకున్నా పెట్టడు. "గడియనేది లోపలున్నోడి చేతిలో ఉండాలి" అంటాడు. జనం వెనకాల 'సగం తలుపుల మేస్త్రి' అని నవ్వుకుంటారు.

దీని వెనక పెద్ద కథే ఉంది. ఎలా తెలిసిందని అడక్కండి, గోడలకు చెవులుంటాయి. ఆయనకు ఐదేళ్ళప్పుడు తల్లి పోయింది. తర్వాత వచ్చిన సవతి తల్లి, వాడు ఏడిస్తే చాలు, సామాన్ల గదిలోకి తోసి బయట గడియ పెట్టేది. తలుపు సందులోంచి చూస్తే, తను కన్న కొడుకును చంకనేసుకుని జోకొడుతూ కనిపించేది. చీకటి కన్నా ఆ చంకే పసివాణ్ణి ఎక్కువ కాల్చింది.

పెళ్ళయ్యాక దశ తిరిగింది. వేలికి పేడు గుచ్చుకుంటే భార్య ఊరంతా వినబడేలా "అయ్యో" అనేది. నాలుగేళ్ళు రాజభోగం! అంతలో కూతురు పుట్టింది. పిల్ల కెవ్వుమంటే భార్య ఈయన్ని వదిలేసి పరుగు. ఇంత మీసాలున్న మనిషి, మూడేళ్ళ పిల్లను చూసి కుళ్ళి కుళ్ళి సగమైపోయాడు.

"దాన్ని ఎత్తుకోకపోతే కొంపలంటుకుంటాయా?"

"ఏం, నిన్నూ ఎత్తుకోమంటావా?" అని ఆమె నవ్వేది.

ఎత్తుకుంటే బాగుండునని ఆయనకు నిజంగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఉలి జారి బొటనవేలు తెగింది. భార్య సగం కట్టు కట్టిందో లేదో, చెక్క గుర్రం కాలు విరిగిందని పిల్ల రాగం అందుకుంది. ఆమె కట్టు వదిలేసి లేచింది.

"నువ్వుండు, నేను చూస్తా."

వెళ్ళి పిల్లను ఎత్తి చెక్కల గదిలో దించి తలుపు లాగాడు. చెయ్యి దానంతటదే గడియ కోసం పైకి లేచింది. అరచేతికి నున్నటి చెక్క తగిలింది. గడియ లేదు. ఆ తలుపు చేసింది తనే మరి!

తలుపు తోసుకుని పిల్ల బయటికొచ్చింది. "మళ్ళీ దాక్కుంటా, నువ్వు వెతుకు నాన్నా!"

ఆయన అక్కడే కూలబడి ఏడు చెరువులు నిండేలా ఏడ్చాడు. భార్య పరుగున వచ్చి, పిల్లను చంకనేసుకుంది.

"అంత నొప్పిగా ఉందా?"

"దాన్ని లోపల పెట్టి గడియ వెయ్యబోయానే."

ఆమె పక్కన చతికిలబడి మిగిలిన కట్టు కట్టింది. ఆ తర్వాత ఆయన తలను దగ్గరికి లాక్కుంది.

ఆయన ముక్కు చీదుకుంటూ చంకలోని పిల్లను ఓరగా చూశాడు.

"కాసేపు దాన్ని దించవే."