సగం మీసం పందెం

ఆ వీధిలో అందరికీ ఆయన బావే. దర్జీ మాస్టర్ పొద్దున లేస్తే "బావా, బావా" అని కేకలు పెడుతుంటే విని విని, పాలవాడి దగ్గర్నుంచి ఇంటి యజమాని దాకా అదే పిలుపు ఖాయం చేశారు. మాస్టర్ ఆయన భార్యకు సొంత తమ్ముడు. కింద వీధివైపు గదిలో మాస్టర్ కుట్టు దుకాణం, పైన రెండు గదుల్లో అక్కా బావా. పెళ్ళి ఊసెత్తితే "నా కొలతలకు సరిపోయే పిల్ల ఇంకా పుట్టలేదు" అని తప్పించుకుంటూ మాస్టర్ నలభై దాటేశాడు.

బావ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ప్రెస్ మీద పని చేసేవాడు. పెద్ద అట్టను పెట్టె ఆకారానికి కోసి బయటికి తోసే యంత్రం అది. ఒక మధ్యాహ్నం అడ్డంపడ్డ అట్టముక్కను లాగబోతే, ఆయన కుడి చేతిని మణికట్టు దాకా తీసుకుంది. ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన్ని మాన్పించకుండా గేటు దగ్గర కుర్చీ వేశారు. లారీ వస్తే అడ్డకర్ర ఎత్తాలి, పోయాక దించాలి. దానికి ఎడమ చెయ్యి చాలు.

చొక్కాల సంగతి మాస్టర్ చూసుకున్నాడు. కుడి చేతి కొసను లోపలికి మడిచి, కుట్టు కనబడకుండా మూసి, దాని మీద ఒక గుండీ పెట్టేవాడు. ఆ గుండీకి కాజా లేదు, పనీ లేదు. ఎందుకురా ఇది అంటే, "నీలాగే బావా, ఊరికే కూర్చోడానికి" అనేవాడు. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే బావ ఊరుకునేవాడు కాదు.

చెయ్యి పోయినందుకు బావ అందరి ముందూ ఏడవలేదు గాని, ఆట పోయినందుకు లోలోపల కుమిలిపోయాడు. కుర్రతనం నుంచీ బావా బావమరుదులిద్దరికీ సమురాయ్ ఆటలంటే ప్రాణం. టీవీ తెర మీద జపాన్ కత్తివీరుడు, చేతిలో మీటల పెట్టె, వంతులు వేసుకుని ఆడేవాళ్ళు. ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకోవాలి. ఎడమ బొటనవేలు మనిషిని నడిపిస్తుంది, ఎడమ చూపుడువేలు కత్తిని అడ్డం పెట్టి కాస్తుంది. నరకడం, దూకడం, తల తిప్పి చుట్టూ చూడడం అన్నీ కుడిచేతి పనులు. బావ దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు.

ఒక సాయంత్రం మాస్టర్ దుకాణం మూసి పైకొచ్చి, గుడ్డ విప్పి, సోఫాలో బావకు తొడ ఆనించి కూర్చున్నాడు. పెట్టెలో ఎడమ సగం ఆయన చేతిలో పెట్టి, కుడి సగం తను పట్టుకున్నాడు.

"నడక నీది, నరుకుడు నాది" అన్నాడు.

మొదట్లో ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టే సాగింది. బావ శత్రువు మీదికి నడిపిస్తే మాస్టర్ గాలిని నరికేవాడు. మాస్టర్ దూకిస్తే బావ కాలవలోకి నడిపించేవాడు. సమురాయ్ తాగినవాడిలా తూలిపోతుంటే బావ భార్య కూరలు తరగడం ఆపి మరీ నవ్వేది. పోను పోను ఇద్దరికీ ఒకే ఊపిరి కుదిరింది. బావ కాచిన మరుక్షణం మాస్టర్ కత్తి దిగేది. ఎప్పుడు కొట్టాలో ఒకరికొకరు చెప్పుకోవడం కూడా మానేశారు.

ఆ రోజుల్లోనే, చేతికి వ్యాయామం చేయించిన ఆస్పత్రి మనిషి, ఎడమచేత్తో మాత్రమే ఆడుకునే పెట్టెనొకదాన్ని తెచ్చిచ్చాడు. అన్ని మీటలూ ఒకే వైపు ఉన్నాయి. బావ దండం పెట్టి తీసుకుని, అటక మీద పాత సూట్‌కేసు వెనక్కి తోసేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఒంటిచేత్తో ఆడగలనని తెలిస్తే మాస్టర్ పక్కన కూర్చోవడం మానేస్తాడని ఆయన భయం.

అలా కొన్నేళ్ళు గడిచాక, తాము ఆడి ఆడి అరగదీసిన ఆటకు కొత్త భాగం వస్తోందని కబురు తెలిసింది. దాని చిన్న వీడియోను దుకాణంలో బల్ల మీద ఫోను ఆనించుకుని చూశారు. మంచు కురుస్తోంది. రెల్లుపొదలు, సగం కాలిన వంతెన. చివర్లో కాగితపు గొడుగు కింద ఒక ముసలావిడ వీపు కనిపిస్తుంది. ఆవిడ ఇటు తిరగబోతుండగా వీడియో ఆగిపోతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా కొలతలు మరిచి చూశారు.

ఆవిడ శత్రువే, గొడుగు కర్రలో కత్తి దాచుకుని ఉంటుంది అన్నాడు బావ. కాదు, తల్లి అన్నాడు మాస్టర్.

"ఆ నిలబడ్డం చూడు బావా. ఎదురుచూసేవాళ్ళ భుజం అలాగే ఒక పక్కకు వాలుతుంది."

"నీకన్నీ భుజాలే కనిపిస్తాయి. పందెం?"

"సగం మీసం."

"సగమెందుకురా, పూర్తిగా తీయించుకో."

"పూర్తిగా తీస్తే అందంగా ఉన్నావంటారు. సగమైతేనే సిగ్గు."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా సాక్షులు. ఆట రావడానికి ఇంకా ఏడాది ఉంది. ఆ ఏడాదంతా ఇద్దరూ దాని గురించే మాట్లాడారు. ముందుగానే కొనిపెట్టేసుకున్నారు కూడా. వచ్చే రోజున తనంతట తనే ఇంటర్నెట్ నుంచి టీవీ కింది ఆట యంత్రంలోకి దిగిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు కూడా ఇన్ని లెక్కలు వేసుకోరని బావ భార్య ఎగతాళి చేసింది. చేతులు మొద్దుబారకూడదని వాళ్ళు పాత ఆటనే మళ్ళీ మొదట్నుంచి ఆడుతూ పోయారు.

అందులోనే తెలిసింది. మాస్టర్ దెబ్బ ఆలస్యమవుతోంది. బావ కాచేవాడు, ఆ తర్వాత దిగాల్సిన కత్తి దిగేది కాదు. ఆ శత్రువు పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నాక నరుకుతావా అని బావ వెక్కిరించాడు. వయసు మీద పడుతోంది బావా అని మాస్టర్ నవ్వేశాడు. కొన్నాళ్ళకు బావకు కొత్త చొక్కా వచ్చింది. కుడి చేతి కొసన కుట్టు వంకర్లు పోయింది. పనిలేని ఆ గుండీ వేలాడుతోంది. బావ దాని మీద వేలు పెట్టి చూసుకుని తొడుక్కున్నాడు. మర్నాడు పని మీద వెళ్తున్నట్టు దుకాణం ముందు నుంచి నడిచి లోపలికి చూశాడు. మాస్టర్ కత్తెరను రెండు చేతులతో పట్టుకుని గుడ్డ కోస్తున్నాడు.

మాస్టర్‌ను చూసి డాక్టరు నరాల జబ్బన్నాడు. మెదడు చెప్పే మాట కండరాలకు అందదు. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత మింగడం, ఊపిరి. మందు లేదు. అదే వారంలో ఆట కూడా వచ్చే ఏడాదికి వాయిదా పడింది. ఇంకా మెరుగులు దిద్దాలట.

"నేనూ కస్టమర్లకు ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది వాళ్ళ కడుపుమంట" అన్నాడు మాస్టర్.

బావకు ఇక ఒకటే పట్టుదల. ఆట వచ్చేదాకా వాడి బొటనవేలు నిలవాలి. వంతెన దాకా చేరాలి, ముసలావిడ మొహం ఇద్దరూ కలిసి చూడాలి. ఆయన నడక తగ్గించాడు. శత్రువులు గుంపుగా ఉన్న దారులు తప్పించి చుట్టూ తిప్పాడు. కత్తి అడ్డం పెట్టి, మాస్టర్ వేలు మీటను చేరేదాకా దెబ్బలన్నీ కాస్తూ నిలబడ్డాడు. మాస్టర్ కొన్నాళ్ళు చూసి, ఒక రోజు ఆట మధ్యలో అనేశాడు.

"నా కోసం మెల్లగా నడవకు బావా. వాడు సమురాయ్, నీ గేటు దగ్గరి లారీ కాదు."

బావ మీట మీంచి వేలు తీసేశాడు. తెర మీద సమురాయ్ రెల్లులో నిలబడి ఉన్నాడు.

"అటక మీద, సూట్‌కేసు వెనక ఒక డబ్బా ఉంది కదా" అన్నాడు మాస్టర్ మళ్ళీ.

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు పెట్టిన వారానికే. అక్క దుప్పటి దించమంటే ఎక్కాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నాకేం మిగులుతుంది? అక్క వండితే తినడానికి రావచ్చు. తిన్నాక కూర్చోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా." అటక వైపు గడ్డం చూపించాడు. "నేను లేనప్పుడు దాన్ని దించు. ముసలావిడెవరో తేల్చు. ఓడిపోతే మాత్రం తొండి చెయ్యకు."

దుకాణానికి తాళం పడింది. మంచాన్ని టీవీ ఎదురుగా వేశారు. చివరి నెలల్లో మాస్టర్‌కు మాట కూడా పోయింది. బావ రోజూ కుడి సగాన్ని ఆయన అరచేతి కింద పెట్టి, ఎడమ సగం తను పట్టుకుని, దెబ్బలు కాచుకుంటూ నడిచేవాడు. పక్కనుంచి ఎప్పుడైనా ఒక మీట చప్పుడవుతుందేమోనని చెవి అటే ఉండేది. కాలేదు. ఒక వానరోజు పొద్దున, అక్క గంజి కలిపి తెచ్చేసరికి తమ్ముడి ఊపిరి ఆగిపోయి ఉంది.

వాయిదా వేసి చెప్పిన రోజుకు ఆట వచ్చింది. యంత్రం దానంతటదే దించుకుని, తెర మీద మంచు కురిపిస్తూ, మొదలుపెట్టడానికి మీట నొక్కమంది. ఆ మొదటి మీటే కుడివైపుది. బావ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తోనే దాన్ని నొక్కి, మళ్ళీ తన సగాన్ని పట్టుకున్నాడు. సమురాయ్ నడిచాడు, కాచాడు. తల తిప్పలేడు, కత్తి ఎత్తి కొట్టలేడు. పక్కనుంచి వచ్చినవాళ్ళు నరికి పారేశారు. మళ్ళీ లేచాడు, మళ్ళీ చచ్చాడు. భార్య వచ్చి పక్కన కూర్చుని, తమ్ముడు పట్టుకునే వైపు ఏదని అడిగింది. ఆయన చూపించాడు. ఆమె దాన్ని తాకి, చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రోజులు గడిచాక బావ స్టూలెక్కి డబ్బా దించాడు. కొత్తలో వేళ్ళు తడబడ్డాయి. తర్వాత కుదిరాయి. కాచిన మరుక్షణం కత్తి దిగింది, ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. మాస్టర్ మంచి రోజుల్లో కూడా ఇంత సరిగ్గా కొట్టలేదు. అది తెలిసిన రోజున ఆయన యంత్రం కట్టేసి, కింద తాళం వేసి ఉన్న దుకాణం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు.

అయినా తేల్చమన్నాడు కదా. ఒక ఆదివారం వంతెన వచ్చింది. మంచులో కాగితపు గొడుగు, దాని కింద ఒక పక్కకు వాలిన భుజం. బావ కత్తి అడ్డం పెట్టాడు. ముసలావిడ ఇటు తిరిగి, దగ్గరికొచ్చి, గొడుగును సమురాయ్ తల మీదికి జరిపింది. ఇంత ఆలస్యం చేశావేం నాయనా, నీ తమ్ముడేడి అని అడిగింది. సమురాయ్ కన్నతల్లి ముందు కత్తి అడ్డం పెట్టుకునే నిలబడ్డాడు. మీట మీంచి వేలు తియ్యాలని బావకు ఎంతసేపటికీ తోచలేదు.

భార్య వచ్చేసరికి ఆయన అద్దం ముందున్నాడు. మూతికి సబ్బు నురగ, ఎడమచేతిలో రేజరు. కుడివైపు మీసం అప్పటికే లేదు.

"ఆవిడ తల్లేనే" అన్నాడు.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. తర్వాత తువ్వాలు తడిపి, తెగినచోట కారుతున్న నెత్తురు తుడిచింది. "రెండోది కూడా తీసెయ్యనా?"

"వద్దు. పందెం సగానికే."

సోమవారం ఆయన వంకర కుట్టున్న చొక్కా తొడుక్కుని గేటు దగ్గర కూర్చున్నాడు. పాత డ్రైవర్లు చూసి తలలు తిప్పుకున్నారు. కొత్తగా చేరినవాడొకడు మాత్రం లారీ ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి పగలబడి నవ్వాడు.

"ఏంటి పెద్దాయనా, ఎవరితో ఓడిపోయావ్?"

"మా బావమరిదితో."

"చూసి ఏమన్నాడు మరి?"

బావ లేచి అడ్డకర్ర ఎత్తాడు.