చీరల కొట్టులో నా సత్యదీక్ష

ఆ రోజుల్లో ఇరవై రెండేళ్ళు నిండగానే లోకాన్ని బాగుచేసే బాధ్యత కూడా మన మీద పడుతుందని నాకు గట్టి నమ్మకం. (ఆ లోకం ఏలూరులో మొదలై తాడేపల్లిగూడెంలో అయిపోతుందని కూడా అనుకునేదాన్ని.) డిగ్రీ పూర్తయింది, బీఈడీలో చేరడానికి ఇంకా ఏడాది పట్టేలా ఉంది. ఖాళీగా ఎందుకని ఏలూరు బస్టాండు దగ్గర ఒక చీరల షోరూములో సేల్స్ గర్ల్‌గా కుదురుకున్నాను. పనిలో చేరడానికి వారం ముందే తాడేపల్లిగూడెంలో మా సంఘాల యువజన కూటాలు జరిగాయి. ఆఖరి రోజున ప్రసంగం చేసిన పాస్టరుగారు, "మీ విశ్వాసం ఆదివారం గుళ్ళో కనపడితే చాలదు, సోమవారం మీ పనిలో కనపడాలి" అన్నారు. అందరం కళ్ళు మూసుకుని తలా ఒక తీర్మానం చేసుకున్నాం. నా పక్కనున్న అమ్మాయి టీవీ సీరియళ్ళు మానేస్తానంది. నాకు సీరియళ్ళు చూసే అలవాటు లేదు కాబట్టి (ఉండి ఉంటే ఏలూరు చీరల వ్యాపారం కాస్త సుఖంగా సాగేది) ఇక జన్మలో అబద్ధం ఆడనని తీర్మానించుకున్నాను.

మా షోరూములో అందరికన్నా పెద్ద సేల్స్‌మన్‌ని మేమంతా మడతల బాబాయ్ గారనేవాళ్ళం. నుదుట విభూతి, చెవి మీద పెన్ను, ఎంత పెద్ద చీరనైనా మూడు విదిలింపుల్లో మడతపెట్టే చేతులు. ఆయన చీర విప్పితే దానికో చరిత్ర ఉండేది. "ఇది మీకోసమే పక్కన పెట్టానండీ, పొద్దుట్నించీ నలుగురు అడిగారండీ" అనేవారు. ఆ నలుగురూ ఎవరో నాకెప్పుడూ కనపడలేదు. నా కౌంటరు దగ్గర వ్యవహారం వేరు. నా తీర్మానం సంగతి మొదటి రోజే షాపులో అందరికీ చెప్పేశాను. "రంగు పోతుందా అమ్మాయ్?" అని అడిగితే, "మొదటి ఉతుకులో కొంచెం పోతుందండీ. రెండో ఉతుకు తర్వాత అసలు రంగేమిటో మీరే మర్చిపోతారండీ" అని చెప్పేదాన్ని. మూడో రోజున మేనేజర్ గారు నన్ను పిలిచి, "ఏవమ్మా, నువ్వు మా షాపులో పనిచేస్తున్నావా, ఎదురు షాపులోనా? ఇంకొక్కసారి కస్టమర్ ఖాళీ చేతుల్తో వెళ్ళిందంటే నువ్వు కూడా ఆవిడ వెనకాలే వెళ్ళిపోవచ్చు" అన్నారు.

నాకు భయం వేయలేదు సరికదా, లోపల్లోపల సంతోషం వేసింది. విశ్వాసం కోసం శ్రమపడటమంటే ఇదే కదా! సాయంత్రం వట్లూరులో ఇంటికి వెళ్ళి, ఆ వారం అత్తిలి నుంచి వచ్చి ఉన్న నాయనమ్మకి ఈ సంగతి గొప్పగా చెప్పాను. ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. చిక్కుడుకాయలకి ఈనె తీస్తూ అంతా విని, "ఆయన కోప్పడింది నీ భక్తి మీదా, నీ నోటి మీదా? ముందది తేల్చుకోవే" అంది. నాయనమ్మకి ఈ కాలపు ఆత్మీయ పోరాటాలు అర్థం కావని జాలిపడి ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కొల్లేటి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఎండకి నల్లబడ్డ మొహం, చేపల చెరువుల మీద పని చేసి మొద్దుబారిన చేతులు. వచ్చే నెల కైకలూరు అవతల తమ ఊరి గుళ్ళో కొడుకు పెళ్ళి అంది. పెళ్ళికూతురికి కావలసినవన్నీ అంతకు ముందే కొనేశారట. ఇది తనకోసం. గంటసేపు వెతికి చిలకపచ్చ రంగు మీద రాణీరంగు అంచున్న పట్టుచీర ఒకటి తీసుకుని, అద్దం ముందు భుజాన వేసుకుని, నా వైపు తిరిగి కొంచెం సిగ్గుగా అడిగింది. "నాకు బాగుంటుందంటావా అమ్మాయ్?"

నేను నా తీర్మానాన్ని గుర్తు చేసుకున్నాను. "మీ ఒంటి రంగుకి నప్పదండీ. ఆ బూడిద రంగువి చూడండి."

ఆవిడ చీర భుజం మీంచి తీసి, తనే జాగ్రత్తగా మడతపెట్టి, బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. బూడిద రంగు చీరలు పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను.

మడతల బాబాయ్ గారు నా పక్కకి వచ్చారు. తిడతారనుకున్నాను. చాలా నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, రంగు పోతుందా అని అడిగితే దానికో నిజం ఉంది. నువ్వు చెప్పావు, బాగానే ఉంది. నేనైతే చెప్పను, అది నా ఖర్మ. కానీ నాకు బాగుంటుందా అని ఆవిడ అడిగింది చూడు, దానికి నువ్వు చెప్పింది నిజం కాదమ్మా. అది ఒట్టి నీ ఇష్టమే. నీ ఇష్టాన్ని తీసుకెళ్ళి మీ దేవుడి నోట్లో పెట్టావు."

మేనేజర్ గారు భోజనానికి వెళ్ళారు. ఏం చేస్తున్నానో తెలియకుండానే మెట్లు దిగి, బస్టాండుకి పరుగెత్తాను. కైకలూరు బస్సులో కిటికీ పక్కన ఆవిడ కూర్చుని ఉంది. గబగబా ఎక్కి, జనాన్ని తోసుకుని వెళ్ళి, "ఏవండీ, నన్ను క్షమించండి, నేను తప్పు మాట్లాడానండీ" అన్నాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. ఈలోపు బస్సు కదిలింది. కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు. కంగారులో "క్షమాపణ చెప్పడానికండీ" అన్నాను. "ఆ స్టాపు ఈ రూటులో లేదమ్మా" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ జరిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వన్నది అబద్ధమేం కాదులే. నా రంగు నాకు తెలీదా? కానీ పాతికేళ్ళ నుంచీ గట్ల మీద తిరుగుతున్నానమ్మా. బురద కనపడకుండా అన్నీ బురద రంగువే కట్టాను. నా పిల్లాడి పెళ్ళిలో ఒక్క పూటన్నా దూరాన్నించి కనపడాలని ఉంది, అంతే."

ఆ మాట నేను కూటాల్లో విన్న మూడు రోజుల ప్రసంగాల కన్నా లోతుగా దిగింది. "అయితే అదే తీసుకోండి. దయచేసి రండి" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఊరి చివర బస్సు ఆపించి, ఆటోలో వెనక్కి వచ్చాం. మెట్ల మీద మేనేజర్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆవిడ నన్ను తన వెనక్కి నెట్టి, "ఈ పిల్లని ఏవనకండి బాబూ. నాకోసం బస్సెక్కి వచ్చింది. ఆ చిలకపచ్చది కట్టివ్వండి" అంది. మేనేజర్ గారు చాలాసేపు ఆలోచించి నన్ను దుప్పట్ల సెక్షన్‌కి మార్చారు. దుప్పటి కొనేవాళ్ళెవరూ "నాకు బాగుంటుందా?" అని అడగరని ఆయన ధైర్యం.

కొడుకు పెళ్ళికి ఆవిడ మమ్మల్ని పిలిచింది. నేనూ, మడతల బాబాయ్ గారూ వెళ్ళాం. చెరువుల మధ్య చిన్న గుడి, పైన సిలువ, రంగు కాగితాలు, మైకులో పాటలు. గట్టు మలుపు తిరగగానే అల్లంత దూరం నుంచే ఆవిడ కనపడింది. ఎండలో వెలిగిపోతోంది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ బాబాయ్ గారు చేతులు జోడించుకుని మా అందరికన్నా బుద్ధిగా నిలబడ్డారు. ఆ చీర ఆవిడకి నప్పిందా అంటే, ఒట్టు, నాకిప్పటికీ తెలియదు. ఆవిడ అంతలా నవ్వుతుంటే చీర వైపు చూడటం కుదరలేదు.

ఇప్పుడు నేను బడిలో టీచర్ని. మెత్తగా మాట్లాడటం బాగా నేర్చుకున్నాను. లెక్కల్లో సున్నా వచ్చిన పిల్లాడి తల్లికి కూడా "కొంచెం శ్రద్ధ పెడితే చాలండీ" అని చెప్పి పంపుతాను, ఆవిడ నవ్వుతూ వెళ్తుంది. ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకోకూడదని అన్నీ చుట్టలు చుట్టి చెప్పడం ఎప్పుడు అలవాటైపోయిందో కూడా తెలియదు. మొన్న ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే, ఎందుకో ఆ ఇరవై రెండేళ్ళ మొండిపిల్ల గుర్తొచ్చింది. ఎంత తెలివితక్కువ పిల్ల! కానీ తప్పు చేశానని తెలిసిన క్షణంలో ఉద్యోగం సంగతి కూడా చూసుకోకుండా పరుగెత్తింది. ఇవాళ నేనైతే రెండు రోజులు ఆలోచించి, ఫోనులో ఒక నమస్కారం బొమ్మ పంపి ఊరుకుంటాను.